ట్రిప్ కాకుండా చేసే మనిషి

"సారూ, మీ ఏడో ప్రశ్న జర కష్టమున్నదంట గదా," అన్నాడు మా గేటు ముందు చాయ్ బండి ఆయన, గ్లాసు నా చేతికి ఇస్తూ.

నాకు వెంటనే అర్థం కాలేదు. నేను ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల కాగితం నా టేబులు సొరుగులో ఉంది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు.

"ఎవరన్నరు?" అని అడిగాను.

"ఎవరంటరు? లోపలికెళ్లి వచ్చినోళ్లే. ఒకలు చాయ్ తాగుకుంట చెప్తరు, బయట కూసున్నోళ్లు ఫోన్ల రాసుకుంటరు. ఆరు దాకా అందరికి వస్తున్నయంట. ఏడోదాని కాడనే పరేషాన్ అయితున్నరు. జర అల్కగ పెట్టరాదు, పాపం?"

ఆ పది ప్రశ్నలను నేను రెండు ఆదివారాలు కూర్చుని తయారు చేసుకున్నాను. బట్టీ పట్టి వచ్చినవాడు నాలుగో ప్రశ్న దగ్గర తప్పక దొరికిపోయేలా పేర్చాను. అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడిగితేనే పోలిక సరిగ్గా కుదురుతుందని నమ్మేవాణ్ణి. ఆ రోజు పొద్దున ఒకతను, నేను నాలుగోది అడగబోతుంటే, ఐదోదానికి జవాబు చెప్పాడు. కంగారులో ఉన్నాడనుకున్నాను. కంగారులో కాదు, ఒక వరుస తప్పి చదువుకున్నాడు.

చాయ్ చల్లారిపోయింది. తాగకుండానే గ్లాసు పెట్టేసి లోపలికి పోయాను.

మాది తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పెట్టే యూనిట్. గనుల నుంచి వచ్చిన బండలను కోసి, నున్నగా చేసి, లారీలకు ఎక్కిస్తాం. పాలిష్ జరుగుతున్నంతసేపూ రాయి మీద నీళ్లు పారుతూ ఉండాలి. అందుకని మిషను దగ్గర పనిచేసే ఆడవాళ్లు పొద్దంతా బూడిదరంగు రాతి బురదలో నిలబడే ఉంటారు. రబ్బరు బూట్లు ఇచ్చాం. చెమటకు కాళ్లు పాసిపోతున్నాయని వాటిని విప్పి గోడ వారన పెడతారు. నీళ్లు, కరెంటు, ఇనుము, ఉత్త కాళ్లు, ఈ నాలుగూ ఒకేచోట ఉండే పని ఇది. కాబట్టి మా దగ్గర ఎలక్ట్రీషియనే అందరికంటే ముఖ్యమైన మనిషి. ఆ మాట అక్కడ నేను తప్ప ఎవరూ అనుకోరు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. వికారాబాద్ నుంచి పొద్దున రైల్లో వచ్చి, మిషన్లు చూసుకుని, సాయంత్రం రైల్లో వెళ్తాను. మా సేటు వాళ్లది కందుల వ్యాపారం చేసిన కుటుంబం. తండ్రి కాలంలో బండల్లోకి దిగారు. కందులైనా బండలైనా ఆయనకు ఒకటే లెక్క: సరుకు కదలాలి.

వానాకాలం మొదట్లో, రెండో లైను మీద పనిచేసే, యాలాల్ ఊరి నుంచి వచ్చే ఆమె నా దగ్గరికి వచ్చి, "సారూ, మిషన్ ముట్టుకుంటే జుమ్మంటుంది," అంది. అప్పటి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూడమన్నాను. "తడి చేతుల్తోని ముట్టుకుంటే జుమ్మనకపోతే ఏం జేస్తది సార్," అని నవ్వి పోయాడు. ఆ వారంలోనే మిషను ఆమెను విసిరికొట్టింది. వెనక ఉన్న బండల దొంతి మీద పడింది. మణికట్టు విరిగింది. అంతటితో పోయింది కనుక ఆమె ఇవాళ నన్ను తిట్టగలుగుతోంది.

అప్పుడు స్విచ్ బోర్డు విప్పించి చూశాను. కరెంటు ఎక్కడైనా లీకయితే లైనును దానంతటదే కొట్టేసే బ్రేకరు ఒకటి ఉంటుంది. మనిషికీ చావుకూ మధ్య అడ్డం ఉండేది అదే. దాని పైకొసనూ కిందికొసనూ కలుపుతూ ఒక ముక్క వైరు వేసి ఉంది. కరెంటు ఆ బ్రేకరుతో పని లేకుండా పక్కదారిన పోతోంది. ఎర్త్ వైరు సగంలో తెగి వేలాడుతోంది.

"ఇది ఎందుకు చేసినవ్?" అని ఎలక్ట్రీషియన్‌ను అడిగాను.

"మాటిమాటికి ట్రిప్ అయితుండె సార్. సేటు లొల్లి చేస్తుండె. ఇప్పుడు అయితలేదు గదా?"

అతని దృష్టిలో అది మరమ్మతు. అతని కాగితాల్లో ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. అందులో ఎక్కువ కాలం అతను బొంరాస్‌పేటలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపాడని తర్వాత తెలిసింది.

అతణ్ణి పంపేశాం. నేను ఆ వైరు ముక్క పీకేశాను. పీకి స్టార్ట్ చేస్తే లైను ఆ క్షణమే ట్రిప్ అయి ఆగిపోయింది. అంటే మోటారులోనో కేబులులోనో ఎక్కడో లీకేజీ ఉంది. దాన్ని వెతికి పట్టుకోవడం నా చదువు కాదు. రెండో లైనుకు తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకున్నాను. ఆ లైను ఆడవాళ్లకు లోడింగు ఉన్న రోజు పని, లేని రోజు ఖాళీ. సేటుకు ఒకటే చెప్పాను: లీకేజీ పట్టుకోగల మనిషి దొరికేదాకా ఆ మిషను దగ్గరికి ఎవరినీ పంపను. యాలాల్ ఆమెకూ అదే చెప్పాను.

"జల్ది తే సారూ," అంది చేతి కట్టు చూపిస్తూ. "నా చెయ్యి అతుక్కునే దాకనన్న దొరుకుతడా?"

ప్రకటన నేనే రాశాను. ఐటీఐ చదివి ఉండాలి, ఐదేళ్ల అనుభవం ఉండాలి, అనుభవ పత్రం తప్పనిసరి. సిమెంటు ఫ్యాక్టరీల ప్రకటనలు ముందు పెట్టుకుని రాశాను. వాళ్లు ఐదేళ్లు అడిగారు కాబట్టి నేనూ ఐదేళ్లే అడిగాను. తాండూరు, వికారాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టగానే దరఖాస్తులు వచ్చి పడ్డాయి.

వాటిని ముందేసుకుని అబద్ధాలను రకాలవారీగా విడదీశాను. అన్నిటికంటే తేలికైనవి తేదీల అబద్ధాలు. ఒకతను ఒకే ఏడాది కరణ్‌కోట దగ్గర గనిలోనూ, హైదరాబాద్‌లో లిఫ్టుల పనిలోనూ ఉన్నాడు. తర్వాతివి కాగితాల అబద్ధాలు. నాలుగు వేర్వేరు యూనిట్ల లెటర్‌ప్యాడ్‌లకు అంచున ఒకే పూలతీగ ఉంది. ఏ జిరాక్స్ సెంటర్‌దో ఆ తీగ. వీటన్నిటికంటే కష్టమైంది మూడో రకం. కాగితం నిజమే, తేదీలు నిజమే, మనిషికి మాత్రం పని రాదు. ఆ రకాన్ని కాగితం చూసి పట్టుకోలేం.

వికారాబాద్ స్టేషను దగ్గరి ఎలక్ట్రికల్ షాపు పేరుతో వచ్చిన పత్రాన్ని సరిచూడటానికి ఒక ఆదివారం నేనే వెళ్లాను. ఆ చిరునామాలో కోళ్ల దుకాణం ఉంది. కోడిని తూకం వేస్తున్న ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు.

"కరెంటు షాపు కోసరం వచ్చినవా? మొన్న కూడ ఒకాయన నీ తీరుగనే కాయితం పట్టుకొని వచ్చిండు."

"ఇక్కడ ఎప్పుడైనా ఉండెనా ఆ షాపు?"

"నేను వచ్చి పన్నెండేండ్లయె. అంతకుముందు ఎర్క లేదు. కిలో కొట్టమంటవా?"

ఊరికే వెళ్లినట్టు ఉండకూడదని అర కిలో తీసుకుని ఇంటికి పోయాను. అమ్మ, "ఆఫీసు పని అంటివి?" అంది. కోడి మాంసం సంచి ఆమె చేతికిచ్చాను.

ఫోన్ చేసి కనుక్కోవడం ఇంకా చిరాకు పని. పాత యజమానులు నా ప్రశ్నకు జవాబు చెప్పరు, వాళ్ల కథ చెబుతారు. అయినా ఒక దరఖాస్తు విషయంలో అంతా సవ్యంగా కనిపించింది. పత్రం అసలుదే, యూనిట్ ఉంది, యజమాని స్వయంగా మాట్లాడాడు.

"మస్తు మనిషి సార్. కండ్లు మూసుకొని పెట్టుకోండ్రి. ఆయన ఉన్నన్ని దినాలు మా లైన్ ఒక్కసారి ట్రిప్ కాలె."

థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసి, కాగితం మీద టిక్కు పెట్టబోయి ఆగిపోయాను. ఆ మాట ఎక్కడో విన్నాను. మేము పంపేసిన ఎలక్ట్రీషియన్ గురించి మా సేటు బయటివాళ్లకు అచ్చం ఈ మాటే చెప్పేవాడు. "ఆడు వచ్చినంక లైన్ ట్రిప్ కాలె." యాలాల్ ఆమె చెయ్యి విరిగేదాకా ఆయనకు అది మెప్పుకోలే. తాండూరులో మంచి కరెంటు మనిషి అంటే లైను ఆగనివ్వనివాడు. తడిలో నడిచే మిషను అప్పుడప్పుడూ ఆగాలి. ఎప్పుడూ ఆగలేదంటే ఎవరో దాని నోరు కట్టేశారన్నమాట. ఫోన్లో ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. మనస్ఫూర్తిగానే పొగిడాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. దొంగ పత్రాలను పట్టుకోవడానికి నా దగ్గర పద్ధతులు ఉన్నాయి. నిజాయితీగా ఇచ్చిన తప్పుడు మెప్పును ఏం చేయాలి?

చాయ్ బండి ఆయన నోట నా ఏడో ప్రశ్న విన్నది ఆ మర్నాడే. ప్రశ్నల కాగితం చించేశాను. మిగిలినవాళ్లలో ముగ్గురిని పిలిచి, ఆగిపోయిన రెండో లైను ముందే నిలబెట్టాను. మిషను చుట్టూ తాడు కట్టి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆ లైను ఆడవాళ్లు బండల దొంతి మీద కూర్చున్నారు. సేటు కుర్చీ వేయించుకున్నాడు.

"పెండ్లిచూపులు పెట్టినట్టున్నడు సారు," అంది వాళ్లలో ఒకామె.

"పిల్లగాడు నచ్చకపోతే టిఫిన్ అన్న పెడతడా?" అంది యాలాల్ ఆమె.

ముగ్గురికీ ఒకటే చెప్పాను. "స్టార్ట్ చేస్తే ట్రిప్ అవుతుంది. ఏం చేస్తారో చేయండి."

మొదట బుల్లెట్ బండి మీద వచ్చింది ఆ మస్తు మనిషే. బోర్డు విప్పాడు, జేబులోంచి ఒక ముక్క వైరు తీశాడు. వైరును ముందే కోసి, కొసలు ఒలిచి తెచ్చుకున్నాడు. చాయ్ తాగేంత సేపట్లో మోటారు తిరిగింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. సేటు కుర్చీలోంచి లేచి, "శభాష్," అన్నాడు.

నేను వెంటనే మెయిన్ ఆపి, "ఆ వైరు ఎందుకు వేసినవ్?" అన్నాను.

"గీ బ్రేకర్లు వట్టిగనే కొట్టేస్తయి సార్. మన తాండూర్ల సగం లైన్లు గిట్లనే నడుస్తున్నయి."

ఈ ముక్కలోనూ అతను అబద్ధమాడలేదు. ఆ వైరు పీకేశాను.

రెండో అతను దేన్నీ ముట్టుకోలేదు. టెస్టరు కూడా తెచ్చుకోలేదు. బ్రేకరు ఖరాబైందని, కొత్తది తెప్పించమని చెప్పి, ప్రయాణ ఖర్చు ఇస్తారా అని అడిగాడు.

మూడో అతను కర్ణాటక సరిహద్దు వైపు నుంచి వచ్చాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయేమో. వస్తూ ఫోన్లో ఎవరితోనో కన్నడంలో పోట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేసి, "ముందుగాల మెయిన్ బంద్ చెయ్యనియ్యిండ్రి," అన్నాడు. బంద్ చేశాక కూడా టెస్టరు పెట్టి చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టాడు. మోటారు మీది చిన్న డబ్బా మూత విప్పితే అందులోంచి నీళ్లు కారాయి. కేబులు వెంట వేళ్లతో తడుముకుంటూ పోయి, ఇనుప అంచు కిందికి వంగే చోట ఆగాడు. అక్కడ పైతొక్క ఒరుసుకుపోయి రాగి కనిపిస్తోంది.

"మోటార్ తడిసింది సార్. విప్పి ఎండబెట్టాలె. గీ కేబుల్ మార్చాలె. ఎర్త్ కొత్తది వెయ్యాలె. మూడు దినాలు లైన్ బందే."

"మూడు దినాలా?" అన్నాడు సేటు. "ఇంతకుముందు ఆయన గిప్పుడే నడిపిచ్చిండు గద."

"నడుస్తది సేటూ. నడుస్తనే ఉంటది. గా అక్కలే కింద పడతరు."

నాకు కావలసిన మనిషి దొరికాడని ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది లాంఛనమే అనుకుని, అతని అనుభవ పత్రం మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. అటువైపు పెళ్లి బ్యాండు మోగుతోంది.

"మేనేజర్ గారేనా?" అన్నాను.

"ఆఁ, మేనేజర్నే, చెప్పుండ్రి!"

"ఫలానా అతను మీ దగ్గర ఐదేళ్లు చేశాడా?"

"చేసిండు, చేసిండు. మస్తు చేసిండు."

"ఏం పని?"

"ఏం చెప్తే అది చేస్తడు సార్. మంచి పిల్లగాడు. మా బామ్మర్దే... అంటే బామ్మర్ది లెక్క."

ఫోన్ పెట్టేసి పత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను. జిరాక్సులో సగం చెరిగిపోయి ఇన్నాళ్లూ నా కంటబడలేదు గానీ, అంచున అదే పూలతీగ ఉంది.

అతణ్ణి పక్కకు పిలిచి, "ఇది దొంగ కాయితం కదా?" అన్నాను. దబాయిస్తాడనుకున్నాను. దబాయించలేదు.

"అవును సార్. బావతోని చేపిచ్చిన. నాకు రెండేండ్లే ఉన్నది. రెండేండ్లు అని ఉన్నది ఉన్నట్టు రాసి నాలుగు చోట్ల ఇచ్చిన. ఒక్కలు ఫోన్ చెయ్యలె. ఐదని రాసినంకనే మీరు పిలిచిన్రు."

నాకొక నియమం ఉంది. దొంగ పత్రం ఇచ్చినవాణ్ణి తీసుకోకూడదని మొదటి రోజే రాసుకున్నాను. ఆ నియమం కిందే అప్పటికి చాలామందిని పంపేశాను. తప్పు చేసినవాళ్లలో పని వచ్చినవాడు ఒకడున్నాడని అతనికొక్కడికీ సడలిస్తే, మిగతావాళ్లను ఏ ముఖంతో పంపినట్టు? కోపమంతా అతని మీదికే మళ్లింది. అందరూ ఆడితే ఆడారు, ఇతను ఎందుకు ఆడాలి?

"పోయి రా," అన్నాను. సామాను సంచి భుజాన వేసుకుని పోయాడు.

సేటు అంతా చూస్తూనే ఉన్నాడు. "ఇంజనీరు సాబ్, ఒకడు నడిపిస్తే ఒద్దంటివి. ఒకడు ఆపుతనంటే బాగున్నడంటివి, మల్ల కాయితం బాగలేదంటివి. నువ్వు ఎతికేది కరెంటోన్నా, అల్లున్నా?"

దొంతి మీది ఆడవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు రైలు ధారూరు దగ్గర చాలాసేపు ఆగింది. తాండూరులో దిగి ఆటోలో యూనిట్ దగ్గరికి వచ్చేసరికి గేటు బయటికే చప్పుడు వినిపించింది. రెండు లైన్ల చప్పుడు. నేను తప్పుగా వింటున్నానేమో అనుకున్నాను.

"నడుస్తున్నది సారూ," అన్నాడు చాయ్ బండి ఆయన, అడగకముందే. "పొద్దుగాలనే సేటు నిన్నటి బుల్లెట్ బండాయనను పిలిపిచ్చిండు. తాళం పలగ్గొట్టిన్రు."

లోపల బురదలో ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. చివర యాలాల్ ఆమె. కట్టు విప్పిన చెయ్యి ఇంకా సన్నగా, తెల్లగా ఉంది. ఆ చేత్తోనే బండను మిషను కిందికి తోస్తోంది.

నేరుగా బోర్డు దగ్గరికి పోయి మెయిన్ కిందికి లాగాను. చప్పుడు ఆగిపోయి నీళ్లు కారడం మాత్రం వినిపించింది.

ముందు అరిచింది ఆడవాళ్లే. "ఏంది సారూ, ఇన్ని దినాలకు ఇయ్యాల పని దొరికిందంటే!" సేటు తన గదిలోంచి వచ్చాడు. "ఎవడు బంద్ చేసిండు?"

"నేనే," అని యాలాల్ ఆమె వైపు తిరిగాను. "అక్కా, మిషను జుమ్మంటోందా?"

ఆమె సేటును చూసింది. పక్కనున్న ఆడవాళ్లను చూసింది.

"ఏం లేదు సారూ."

అప్పుడు ఆమె కాళ్ల కింద చూశాను. నాలుగు మడతలు వేసిన గోనెసంచి ఉంది, బురదలో సగం మునిగి. ఆమె ఒక్కతే కాదు, వరుసలో ఉన్న అందరి కాళ్ల కిందా ఉన్నాయి.

"మరి సంచి ఎందుకు?"

"జర జర అంటున్నది," అంది తల వంచుకుని. "అడిగితే లేదనుండ్రి అన్నడు సేటు. లేకుంటే నువ్వు మల్ల బంద్ చేస్తవంట. మేం ఏం తినాలె?"

నేను అన్నాళ్లూ దరఖాస్తుల్లో వెతికిన అబద్ధం ఆ సంచుల్లో కూడా ఉంది. పని కోసం ఆడిన అబద్ధమే అదీ. తడిసిన గోనెసంచి ఎంతసేపు కాపాడుతుంది? ఆ లెక్క చేయడానికి చదువు అక్కర్లేదు.

బోర్డులో మళ్లీ వేసిన వైరు ముక్కను పీకి సేటు చేతిలో పెట్టాను. "లైను నేను తెరవను సేటూ. తెరవాలంటే నన్ను కూడ తీసేసి ఇంకొకణ్ణి వెతుక్కోండి."

"దానికి గూడ ప్రకటన నువ్వే రాస్తవా?" అన్నాడు. వైరు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, నా వంక చూడకుండా గదిలోకి పోయాడు. వద్దనలేదు. వ్యాపారస్తుడు వద్దనకపోతే సరే అన్నట్టే లెక్కేసుకుని, అక్కడే నిలబడి సరిహద్దు పిల్లవాడికి ఫోన్ చేశాను.

"రేపు పొద్దున రా. సామాను తెచ్చుకో."

"సార్... మల్ల గా కాయితం?"

"ఆ కాయితం తేకు. రెండేళ్లని నీ చేత్తో రాసి ఇయ్యి."

మూడు రోజులన్నాడు గానీ లైను ఐదు రోజులు ఆగింది. అన్ని రోజులూ ఆడవాళ్లు నాతో మాట్లాడలేదు. ఐదేళ్లని రాసిన ప్రకటన ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. పూలతీగ పత్రాలు ఇప్పటికీ వస్తున్నాయి. బుల్లెట్ బండాయన మా పక్క యూనిట్‌లో చేరాడు. అక్కడ లైను ట్రిప్ కావడం లేదని సేటు వారానికోసారి నాకు వినిపించేలా ఫోన్లో మాట్లాడతాడు.

మా రెండో లైను వాన పడితే ట్రిప్ అవుతుంది. నిన్న కూడా అయింది. ఆ పిల్లవాడు టెస్టరు పట్టుకుని కేబులు వెంట వెతుక్కుంటూ పోయాడు. యాలాల్ ఆమె నన్ను చూసి, "మల్ల ఆపిండు చూడు నీ పిల్లగాడు. వానకు పని బంద్, వీనికి పని బంద్. ఏడికెళ్లి తెచ్చినవ్ సారూ వీన్ని," అని దులిపేసింది. అలా తిడుతున్నంతసేపూ ఆమె అతుక్కున్న చేతిని చాచి, అరచెయ్యి మొత్తం మిషను ఇనుము మీద ఆనించి నిలబడింది.